ముందు ఇంజిన్, వెనక మోటారు: నీరో లోపలి పనితనం

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ ట్రయల్ ప్రొడక్షన్ 2019 జనవరిలో మొదలైంది. అంతకు కొద్ది వారాల ముందు, 2018 డిసెంబరులో, ఆ కంపెనీ మూడు నీరో కార్లను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి అందజేసింది. ఒకటి హైబ్రిడ్, ఒకటి ప్లగ్-ఇన్ హైబ్రిడ్, మూడోది పూర్తిగా కరెంటుతో నడిచేది. కరెంటు బండి గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నా కన్ను మాత్రం ఆ మొదటిదాని మీదే పడింది. దాని వెనక ఒక పాత కథ ఉంది.

ఈ హైబ్రిడ్ కంటే ముందు ఇంకో నీరో ఉండేది. 2013 సెప్టెంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షోలో పెట్టడానికి చేసిన కాన్సెప్ట్ కారు అది. రెక్కల్లా పైకి లేచే తలుపులు చూసి ఫొటోలవాళ్లు ఎగబడే రకం. అలాంటి తలుపులు మన బజార్లలో ఎలా తెరుస్తారో అడక్కండి! అసలు సొగసు కింద ఉంది. 1.6 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజిన్, 160 హార్స్‌పవర్, ముందు చక్రాలకు. 45 హార్స్‌పవర్ ఎలక్ట్రిక్ మోటారు, వెనక చక్రాలకు. మొత్తం 205. ఇంజిన్‌కు తోడు ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్. అదే ఏడాది మార్చిలో జెనీవాలో చూపించిన ప్రోవో అనే కాన్సెప్ట్‌లోనూ ఇదే ఆలోచన. అందులో ఇంజిన్ 204 హార్స్‌పవర్‌ది, వెనక మోటారు మాత్రం అదే 45.

ఈ అమరికలో నాకు నచ్చింది ఇందులో లేని భాగమే. మామూలు ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో ముందు ఇంజిన్ బలం వెనక్కి చేరాలంటే బండి పొడవునా ఒక షాఫ్టు తిరగాలి. ఇక్కడ దాని అవసరమే లేదు. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ ఇనుప బంధం అక్కర్లేదు. ఎత్తు ఎక్కేటప్పుడు వేరుశనగ బండిని ముందు ఎద్దులు లాగుతుంటే వెనక నుంచి మనిషి భుజం పెట్టి తోస్తాడు చూడండి, అంతే. రెండు బలాలనూ కలిపేది రోడ్డు.

ఇంకో చమత్కారం ఉంది. వెనక బ్యాటరీ తరిగిపోతే ముందు ఇంజిన్ బండిని కాస్త ఎక్కువగా లాగుతుంది. రోడ్డు మీద దొర్లే వెనక చక్రాలు మోటారును తిప్పుతాయి, మోటారు జనరేటర్ అయిపోతుంది. పెట్రోలు శక్తి ముందు టైర్ల నుంచి తారురోడ్డు మీదుగా వెనక బ్యాటరీకి చేరుతుందన్నమాట. ఇది కియా కనిపెట్టింది కాదు. ప్యూజో కంపెనీ 3008 మోడల్‌లో డీజిల్ ఇంజిన్‌తో ఈ పద్ధతిని అంతకుముందే అమ్మకానికి తెచ్చింది.

కానీ బుక్కపట్నం లాంటి ఊరి బజారులోకి తెచ్చి చూస్తే ఈ అమరిక లోపం బయటపడుతుంది. బస్సు అడ్డంగా నిలిచింది, ముందు ఆటో, పక్కన గేదెలు. నిలబడిన బండికి వెనక చక్రాలు తిరగవు కాబట్టి ఆ మోటారు బ్యాటరీని నింపలేదు. పైగా వెనక మోటారుకు ఇంజిన్ గేర్లు అందవు. డిక్కీ చోటు కూడా కొంత తినేస్తుంది.

2016 ఫిబ్రవరిలో షికాగో మోటార్ షోలో అమ్మకపు నీరో కనిపించినప్పుడు వెనక మోటారు మాయమైంది. టర్బో పోయింది, ఏడు గేర్లు ఆరయ్యాయి. 105 హార్స్‌పవర్ ఇంజిన్, 43.5 హార్స్‌పవర్ మోటారు, కలిపి 141. ముందు చక్రాలకే బలం. కాగితం మీద చూస్తే దిగజారుడే. దగ్గరికి వెళ్లి చూస్తే అసలు పనితనం ఇక్కడే ఉంది.

మోటారును ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య ఇరికించారు. ఇంజిన్‌కూ మోటారుకూ నడుమ ఒక క్లచ్ పెట్టారు. అది విడిపోతే బండి కరెంటు బండి, కలిస్తే ఇద్దరూ కలిసి లాగుతారు. మోటారు బలం గేర్ల గుండానే పోతుంది కాబట్టి చిన్న మోటారు కూడా పెద్ద పని చేస్తుంది. ఇంజిన్ టార్క్ 147 న్యూటన్ మీటర్లయితే మోటారుది 170. అదీ చక్రం కదిలిన క్షణం నుంచే. 1.56 కిలోవాట్ అవర్ బ్యాటరీ వెనక సీటు కింద ఒదిగిపోయింది. డిక్కీ డిక్కీలాగే ఉంది.

అన్నింటికన్నా కష్టమైన క్షణం ఒకటుంది. బండి బ్యాటరీ మీద సాగుతుంటుంది, డ్రైవరు యాక్సిలరేటర్ కాస్త గట్టిగా తొక్కుతాడు. నిద్రలో ఉన్న ఇంజిన్ లేవాలి, తిరుగుతున్న మోటారు వేగాన్ని అందుకోవాలి, ఆ తర్వాతే క్లచ్ కలవాలి. ముందే కలిస్తే బండి కుదుపుతుంది, ఆలస్యమైతే పికప్ చచ్చిపోతుంది. అందుకోసం ఇంజిన్ పక్కన బెల్టుతో నడిచే ఇంకో చిన్న మోటారు పెట్టారు. ఇంజిన్‌ను లేపి, వేగం సరిచేసి క్లచ్‌కు అప్పగించేది అదే. బండి నిలబడి ఉన్నప్పుడు కూడా ఇంజిన్ చేత బ్యాటరీని నింపించేదీ అదే. కాన్సెప్ట్ అమరికకు చేతకాని పని ఈ చిన్న మోటారు చేసిపెట్టింది.

టొయోటా 1997 నుంచి ప్రియస్‌లో వాడుతున్న పద్ధతిలో మెట్లలాంటి గేర్లు ఉండవు. గట్టిగా తొక్కితే ఇంజిన్ అరుపు ముందు, వేగం తర్వాత. కియా ఇంజినీర్లు మామూలు గేర్లనే నమ్ముకున్నారు. అందుకే నీరో నడిపితే మామూలు బండి గేరు మారినట్టే ఉంటుంది. ఇక మైలేజీ మాటంటారా, లాస్ ఏంజెలెస్ నుంచి న్యూయార్క్ దాకా నడిపి గిన్నిస్ రికార్డు కొట్టిన నీరో గ్యాలనుకు 76.6 మైళ్లు ఇచ్చింది. మన లెక్కలో లీటరుకు దాదాపు 32.6 కిలోమీటర్లు. రికార్డు కోసం నడిపిన నడక అది, ఇంటి బండికి అంత ఆశించకూడదు.

2019 ఆగస్టులో ఎర్రమంచి నుంచి బయటికొచ్చిన మొదటి కారు సెల్టోస్. అందులో అప్పుడు హైబ్రిడ్ రాలేదు, కానీ టర్బో పెట్రోలు ఇంజిన్‌తో ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్ మాత్రం వచ్చింది. 2013 కాన్సెప్ట్ చెప్పిన మాటల్లో అప్పటికి మన జిల్లా వరకూ వచ్చింది ఆ ఒక్కటే.

నన్నడిగితే ఫ్రాంక్‌ఫర్ట్ బండి కంటే షికాగో బండికే ఎక్కువ మార్కులు వేస్తాను. మీకు ఏ హైబ్రిడ్‌నైనా నడిపే వీలు దొరికితే ఒక్క పని చేయండి. పాట ఆపి, ఇంజిన్ ఏ క్షణంలో అందుకుందో పట్టుకోవడానికి ప్రయత్నించండి. పట్టుబడకపోతే ఆ క్లచ్ చేసినవాడికి ఒక నమస్కారం పెట్టండి.