యానాము: మన యాత్రావ్యాసములు

యానామును గూర్చిన మన యాత్రావ్యాసములలో గౌతమీతీరము, సాయంకాలపు గాలి, ఫ్రెంచివారి నాటి కథోలిక దేవాలయము తరచుగా కన్పట్టును. వర్ణన ఇంపుగనే యుండును; ఊరు మాత్రము కానరాదు.

బాల్యవివాహములను నిరోధించుటకై 1930లో అమలునకు వచ్చిన శారదా చట్టము బ్రిటిషు ఇండియాకే గాని ఫ్రెంచి యానామునకు వర్తింపలేదు. గోదావరి ప్రాంతపు పెండ్లివారు పసిపిల్లలతో ఎల్ల దాటి వచ్చి అచ్చట ముహూర్తములు పెట్టుకొనిరి. ఊరికి కల్యాణపురమను పేరు వచ్చినది. ఎంత మంగళకరమైన పేరు! స్వేచ్ఛాసమానత్వముల పేర విప్లవము చేసిన జాతి జెండా క్రిందనే ఆ పందిళ్లు వెలసినవి. 1954లో ఆ జెండా దిగినది. 1962లో విలీనము శాసనసమ్మతమైనది. పందిట కూర్చున్న పిల్ల కథ నేను చదివిన వ్యాసములలో లేదు.

ఏనుగుల వీరాస్వామయ్య 1830-31లో కాశీయాత్ర చేయుచు, మజిలీ మజిలీకి దొరకు సరకులను, బసలను, నీటివసతిని విచారించి వ్రాసికొనెను. ఆ గ్రంథము మన యాత్రారచనకు తొలినాటి ఒరవడి. దేవాలయము కట్టిన సంవత్సరమును శ్రద్ధగా వ్రాయు నేటివారు, ఆ పెండ్లివారు ఏ రేవున దిగిరో, ఎవరి యింట విడిది చేసిరో, తిరిగి వెళ్లిన పిల్లలు ఏమైరో యానాము వృద్ధులను ఏల అడుగరు?