బాలనాగమ్మ కథానిర్మాణము – ఒక పరిశీలన

చంద్రపురం జిల్లాలోని ఉప్పర్వాహి వంటి చోట్ల స్థిరపడిన తెలుగు కుటుంబములకు బాలనాగమ్మ కథ చెప్పుటలో ఒక చిక్కు కలదు. కథలోని దుష్టుడు మాయల మరాఠీ. వినుచున్న మన పిల్లల చెలికాండ్రో, మరాఠీవారు. ఆ పేరు కథకు ప్రాణమా, పైపూత మాత్రమేనా? జానపదకథల కట్టడమును శోధించిన పండితుల పద్ధతితో ఈ ప్రశ్నను పరిశీలింతుము.

రష్యా పండితుడు వ్లదీమిర్ ప్రాప్ 1928లో ప్రకటించిన గ్రంథమునకు 1958లో ఆంగ్లానువాదము వచ్చెను. నూరు అద్భుతకథలను పోల్చి, పాత్రల పేర్లు మారుచుండును గాని వారు చేయు పనులు మారవని ఆయన చూపెను. అట్టి పనులు 31 అనియు, వానిని పంచుకొను పాత్రలు 7 తెగలనియు లెక్కించెను.

ఈ కొలబద్దతో మన కథను కొలిచినచో తేలునది ఇది: దుష్టుడు ఒక ఇల్లాలిని కుక్కగా మార్చి కొనిపోవును. ఆమె వ్రతము నెపముతో తన్ను తాను కాపాడుకొనును. కొడుకు పెరిగి పెద్దవాడై తల్లిని వెదకుచు బయలుదేరును. పూలమ్మెడి తంబళి పెద్ది ఇంట మారుపేరుతో నుండును. తుదకు చిలుకలో దాగిన దుష్టుని ప్రాణమును తీయును.

బొంబాయి గవర్నరు కుమార్తె మేరీ ఫ్రియర్, తమ ఆయా అన్నా లిబెరాటా డిసూజా చెప్పగా విని 1868లో ప్రకటించిన దక్కను కథల సంపుటమున ‘పంచ్‌కిన్’ అను కథ కలదు. అందు అపహరింపబడునది బాల్నా అను రాజపుత్రి. ఆమెయు కుక్కగా మారును. ఆమె కొడుకును మాలి ఇల్లాలి ఇంట మారువేషమున నుండును. మాంత్రికుని ప్రాణము అక్కడను చిలుకలోనే. కాని ఆ మాంత్రికుని పేరు మరాఠీ కాదు, పంచ్‌కిన్. పేరు మారినను కథ చెక్కుచెదరలేదు. ప్రాప్ సూత్రమునకు ఇంతకన్న చక్కని సాక్ష్యము మనకేల?

అయినను ఈ పద్ధతిని సంపూర్ణమని ఒప్పుకొనజాలము. మారదగినదెల్ల పండితునికి అప్రధానము. శ్రోతకు అట్లు కాదు. పసివాని చెవి 31 పనులను లెక్కింపదు, ‘మరాఠీ’ అను పేరును పట్టుకొనును. 1942లో జెమినీవారి చలనచిత్రమున గోవిందరాజుల సుబ్బారావుగారి నటనతో ఆ పేరు వెండితెరకును ఎక్కెను. కట్టడమునకు వెలుపలనున్నంత మాత్రమున అది బరువులేనిది కాజాలదు.

పేరును తుడిచివేయుమని మేము కోరము. రెండు కథలను పక్కపక్కన చెప్పుమని మాత్రమే కోరుదుము. దుష్టత్వము చేతయందుండును గాని పేరునందుండదనియు, ఆ తల్లి ఓర్పు ఏ ఒక్క భాషదియు కాదనియు అప్పుడు మన పిల్లలు తామే గ్రహింతురు.