చదవడానికి మిగిలిన సమయం

మన పుస్తకావిష్కరణ సభల్లో పుస్తకం రాసిన మనిషి చిట్టచివర మాట్లాడుతుంది. అధ్యక్షులు, ఆవిష్కర్త, ముఖ్య అతిథి, ఆత్మీయ అతిథులు, తొలి ప్రతి స్వీకర్త, ఇంతమంది అయ్యాక, కప్పిన శాలువా భుజం మీంచి జారిపోతుండగా, ‘రచయిత్రి స్పందన’ పేరుతో ఐదు నిమిషాలు. అప్పటికి సగం కుర్చీలు ఖాళీ. ఆ ఐదు నిమిషాల్లోనూ వచ్చినవాళ్లకి కృతజ్ఞతలు చెప్పుకుంటుందే తప్ప తన పుస్తకంలోంచి ఒక్క పేజీ చదవదు. చదవమని ఎవరూ అడగరు కూడా. ఆమె కథలు ఎంత ‘సున్నితమైనవో’, ఎంత ‘ఆర్ద్రమైనవో’ మాత్రం వేదిక మీద గంటన్నర సేపు వింటాం. (మగ కథకుల సభల్లో ఈ రెండు విశేషణాలూ ఇంత విరివిగా ఎందుకు దొరకవో ఎవరైనా పరిశోధిస్తే బాగుండు.)

అందుకే హైదరాబాదులో ఒక చిన్న పుస్తకాల షాపు వాళ్లు నెలకో సాయంత్రం రచయితల చేత చదివించడం మొదలుపెడితే సంతోషంగా వెళ్లాను. వేదిక లేదు, దండలు లేవు. అలమరాల మధ్య పాతిక ప్లాస్టిక్ కుర్చీలు. రాసినవాళ్లు చదువుతారు, విన్నవాళ్లు అడుగుతారు. మనకిది కొత్తేమీ కాదు. మధ్యాహ్నం పనులయ్యాక ఒకామె భారతమో రామాయణమో పైకి చదువుతుంటే నలుగురు బియ్యం ఏరుకుంటూ వినడం ఇళ్లల్లో ఉన్నదే. వినడమంటే చదువు రానివాళ్లు గతిలేక చేసే పని అనుకోవడం యూనివర్సిటీకొచ్చాక మనకి అంటుకున్న జబ్బు. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’, తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు నోటితో చెప్పిన మాటల పుస్తకం. అది తెలిసి కూడా ఎం.ఏ.లో దాన్ని కళ్లతోనే చదివి, ఫుట్‌నోట్లకి వాడుకున్నాను. ఆ షాపులో ఒక మిత్రురాలు కొన్ని పేజీలు పైకి చదివిన రోజున, చెప్తూ చెప్తూ వాళ్లు ఆగిపోయిన చోట్లు మొదటిసారి వినిపించాయి.

ఇంత మెచ్చుకున్నదాన్ని, అదే చోట నేను చేసిన పని చెప్పాలి.

జిల్లా నుంచి ఒక రచయిత్రి వచ్చారు. టీచరు. యాభై దాటినావిడ, అక్కా అని పిలుస్తాను. తెలంగాణ పలుకుబడిలో రాస్తారు. సమన్వయకర్తని నేను. ఉన్నది గంట. నా పరిచయానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఉపాంతీకరణ, ప్రతిఘటన, దేహ రాజకీయాలు... నా థీసిస్ మూడో అధ్యాయం దాదాపు అంతా దించేశాను. తర్వాత ఒక విమర్శకుడు పావుగంట. మిగిలిన సమయంలో అక్క చదవడం మొదలుపెట్టింది. మూడో పేజీలో, చాకిరీతో అలిసిపోయిన ఒక తల్లి “యాష్టకొచ్చింది బిడ్డా” అంటుంది. ఆ మాట దగ్గర ముగ్గురు నలుగురు నవ్వారు. దుర్మార్గంతో కాదు. ఆ యాసని కమెడియన్ల నోట, విలన్ల నోట పెట్టి మన సినిమాలు వాళ్ల చెవులకి అలా అలవాటు చేశాయి. అక్క ఆగి, పుస్తకం మూసేసింది. “బస్సుంది, చాలు తియ్యి” అంది.

ఒకాయన లేచి, అందరికీ అర్థమయ్యే భాషలో రాయొచ్చు కదా అని అడిగారు. జవాబు నేను చెప్పాను! ప్రామాణిక భాష ఎవరి ప్రమాణమో ఐదు నిమిషాలు వివరించాను. నేను చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. కాకపోతే ప్రశ్న నన్ను అడగలేదు.

పుస్తకాల షాపు సాయంత్రాలనగానే మనవాళ్లు పారిస్‌ని తలుచుకుంటారు. 1921 డిసెంబరు 7న అడ్రియెన్ మోనియే తన షాపులో జాయిస్ ‘యులిసీస్’ మీద సభ పెట్టింది. ప్రసంగించింది వాలెరీ లార్బో. రెండు నెలలకి ఆ నవలని అచ్చువేసింది సిల్వియా బీచ్, 1919లో ‘షేక్‌స్పియర్ అండ్ కంపెనీ’ పెట్టినావిడ. మోనియే స్వయంగా పత్రిక నడిపింది. ఎలియట్ ‘ప్రుఫ్రాక్’ని వాళ్లిద్దరూ కలిసి ఫ్రెంచిలోకి అనువదించి 1925లో అందులో వేశారు. అయినా ఇద్దరూ ఎక్కువగా గుర్తుండిపోయింది గొప్పవాళ్లకి చోటిచ్చిన ఇల్లాళ్లలాగే. మన షాపులో కుర్చీలు వేసేదీ, టీ కప్పులు ఎత్తేదీ కూడా అక్కడ పనిచేసే ఇద్దరమ్మాయిలే. వాళ్లేం చదువుతారో అన్ని సాయంత్రాల్లో నేనెప్పుడూ అడగలేదు.

ఇంకో సంగతి, డబ్బు. ఆ రోజు అమ్ముడైనవి నాలుగు ప్రతులు. బస్సు ఛార్జీలు అక్కవే. అద్దెలు కట్టలేక చిన్న షాపులు మూతపడుతున్నాయని నాకూ తెలుసు. అయినా రాసినామె దారిఖర్చుతో నడిచే సాయంత్రాన్ని ‘ప్రత్యామ్నాయం’ అనడానికి నాకు నోరు రావడం లేదు. శాలువా కొనే డబ్బుతో ఆ టిక్కెట్టు వస్తుంది.

మొన్న అక్కకి ఫోన్ చేసి, మళ్లీ వచ్చి ఆ కథ మొత్తం చదవమని అడిగాను. ఛార్జీలు షాపు ఇస్తుందని కూడా చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు.

“వస్త గని, నువ్వు నా పక్కన గాదు, ఎదురుంగ కూసో” అంది.