చిరునామా లేని సీటు

పెనుకొండ సమీపమున ఎర్రమంచి వద్ద కియా సంస్థవారి కార్ల కర్మాగారము కలదు. వానలు కరువైన అనంతపురము మెట్టసీమలో 2019 నుండి ఇచట కార్లు తయారగుచున్నవి. 2022 అక్టోబరులో ఈ సంస్థ కారెన్స్ అను రకపు కార్లను 44,174 ఇంటిని పరీక్షకై వెనుకకు పిలిచెను. ఎయిర్‌బ్యాగును నియంత్రించు సాఫ్ట్‌వేరులో లోపముండవచ్చునను అనుమానమే అందులకు కారణము. దీనినే రీకాల్ అందురు. ప్రతి కారునకును ఛాసిస్ నంబరుండును. ఆ నంబరునకు ఎదురుగా యజమాని పేరు, చిరునామా రవాణాశాఖ రికార్డులలో నుండును. కావున ఏ కారు ఎవరి యింట నున్నదో కనుగొని కబురంపుట సాధ్యము. అదే కారులో బిడ్డను కూర్చుండబెట్టుటకు విడిగా కొని తెచ్చిన సీటు సంగతి యేమి?

బిడ్డను ఒడిలో పట్టుకొన్న చాలదా యని తలచువారు చిన్న లెక్క వేసి చూడవలెను. గంటకు 50 కిలోమీటర్ల వేగముతో, అనగా సెకండునకు సుమారు 14 మీటర్ల వేగముతో పోవు కారు దేనినో ఢీకొని సెకండులో పదవ వంతు కాలమున ఆగినదనుకొందము. అప్పుడు 10 కిలోగ్రాముల బిడ్డను ఆపుటకు 1,400 న్యూటన్ల బలము కావలెను. ఇది 140 కిలోగ్రాముల బరువును ఎత్తి పట్టుటతో సమానము. ఏ తల్లి చేతులకును అంత పట్టు లేదు. ఆ బలమునంతయు సీటు పట్టీలును, వాటిని బిగించు బకిలును భరింపవలెను. బకిలు తనంత తాను ఊడరాదు. ప్రమాదము జరిగిన పిమ్మట తెరవబోయినపుడు మొరాయింపనురాదు.

ఈ రెండవ గుణము స్వల్పమైనదని తోచును. కాని అమెరికాలో గ్రాకో సంస్థ 2014లో 60 లక్షలకు పైగా పిల్లల సీట్ల విషయమున రీకాల్ ప్రకటింపవలసివచ్చినది దీనివలననే. పిల్లలు ఒలకబోసిన తిండి, పానీయములు లోనికి చేరి బకిళ్లు బిగుసుకొనిపోయెను. లోపమును సకాలములో తెలుపలేదని 2015లో ఆ సంస్థపై మొత్తము 1 కోటి డాలర్ల భారము పడెను. అందులో 70 లక్షలు పిల్లల భద్రతకై వెచ్చింపవలెనని ఏర్పాటు. అచట తినుబండారముల పొడి చేసిన పనిని ఇచటి ఎఱ్ఱదుమ్ము చేయదని చెప్పగలవారెవరు? అట్టి లోపము మొదట తెలియునది వాడుకొను తల్లిదండ్రులకే.

భారతదేశమున 2019 మోటారు వాహనముల సవరణ చట్టము 14 ఏండ్లలోపు పిల్లలను బెల్టుతో గాని, పిల్లల సీటుతో గాని భద్రపరుపవలెనని, లేనిచో 1,000 రూపాయల జరిమానా యని విధించినది. ఆ చట్టమే 110-ఎ విభాగమున రీకాల్ అధికారమును గూడ ప్రభుత్వమునకు ఇచ్చినది. అయితే ఆ విభాగము చెప్పునది వాహనములను గూర్చియు, వాటి భాగములను గూర్చియు. అంగడిలో విడిగా కొన్న సీటునకు 2019 వినియోగదారుల రక్షణ చట్టమే దిక్కు. ప్రమాదకరమైన వస్తువులను వెనుకకు రప్పించు అధికారము అందులో నున్నది. అధికారము లేదనుట సరికాదు. ఉత్తరము ఎవరికి వ్రాయవలెననునదే చిక్కు. అన్న బిడ్డ వాడిన సీటు తమ్ముని యింటికి, అచటినుండి మరియొకరికి చేరుచుండును. 2023 ఫిబ్రవరి 15 నుండి నాలుగేండ్లలోపు బిడ్డను మోటారు సైకిలుపై తీసికొనిపోవువారికి విధింపబడిన భద్రతా పట్టీ విషయమును ఇంతే. అనంతపురము వీధులలో కారు సీటు కంటె ఆ పట్టీయే ఎక్కువమందికి సంబంధించిన వస్తువు.

అమెరికాలో 1993 నుండి ప్రతి సీటుతోను తపాలా ఖర్చు లేని కార్డునొకదానిని జతచేయుచున్నారు. కొన్నవారు పేరు, చిరునామా వ్రాసి పంపవలెను. పంపనివారు అచటను కలరు. సీటు చేతులు మారినచో కార్డు వ్యర్థమే. అయినను ఏమియు లేకుండుట కంటె అది మేలు. ఇచట సీటు అమ్మునపుడే కొనువాని ఫోను నంబరును, సీటు వరుస నంబరును కలిపి నమోదు చేయుట అంత కష్టమైన పని గాదు. ఆ నంబరును కాగితముపై అంటించుట మాత్రము చాలదు. రాయలసీమ యెండకు అచ్చు వెలిసిపోవును. ప్లాస్టిక్కు మీదనే దానిని పోతపోయవలెను.