లెక్క అడిగేదెవరు? - రామదాసు కథ, జాన్ లాక్ సహనసిద్ధాంతం: తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
కుతుబ్‌షాహీల చివరి పాలనాకాలాన్ని మతసామరస్యానికి నిదర్శనంగా చూపడం పరిపాటి. ఆ కాలంలోనే ఐరోపాలో హేతువాదయుగపు తొలితరం తత్త్వవేత్తలు మతానికి, రాజ్యానికి మధ్య ఉండవలసిన హద్దులను చర్చించారు. భద్రాచల రామదాసు కథాసంప్రదాయాన్ని జాన్ లాక్ ప్రతిపాదనలతో పోల్చి, అనుగ్రహంగా లభించే సహనానికీ హక్కుగా నిలిచే సహనానికీ గల భేదాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: రామదాసు, తానీషా, అక్కన్న మాదన్నలు, జాన్ లాక్, సహనం, జవాబుదారీతనం.

1. ఉపోద్ఘాతం
హైదరాబాదు పాతబస్తీలో శాలిబండ ప్రాంతపు మహంకాళి దేవాలయం నేటికీ అక్కన్న మాదన్నల పేరుతోనే ప్రసిద్ధం. బోనాల ఊరేగింపులో ఆ ఆలయ ఘటానిది ప్రత్యేకస్థానం. షియా సుల్తాను అబుల్ హసన్ తానీషా (1672-1687) కొలువులో బ్రాహ్మణుడైన మాదన్న ప్రధానమంత్రి కావడం ఈ నగరానికి గర్వకారణమైన జ్ఞాపకం. అయితే ఆ సహనానికి ఆధారమేమిటన్న ప్రశ్నను సామరస్య ప్రశంస తరచుగా దాటవేస్తుంది.

2. రెండు చరిత్రల సమకాలికత
గోల్కొండకు, ఐరోపా తత్త్వచింతనకు ఆనాడే పరోక్షసంబంధం ఉంది. గాసెందీ శిష్యుడైన ఫ్రెంచి వైద్యుడు బెర్నియర్ 1667లో గోల్కొండను దర్శించాడు. అతని యాత్రాగ్రంథం 1670 నుండి వెలువడింది. స్పినోజా ఆలోచనాస్వేచ్ఛను సమర్థిస్తూ రచించిన గ్రంథం వెలువడినదీ 1670లోనే. లాక్ 1677లో పారిస్‌లో బెర్నియర్‌ను కలిశాడు.

1685లో పధ్నాలుగవ లూయీ ప్రొటెస్టెంట్లకు రక్షణనిచ్చిన నాంట్ శాసనాన్ని రద్దుచేశాడు. ఆ ఏడే ప్రవాసిగా హాలెండులో ఉన్న లాక్ లాటిన్‌లో సహనాన్ని గురించిన లేఖ రచించాడు. అది 1689లో అచ్చయింది. 1685లోనే మొగలుసేన హైదరాబాదు నగరాన్ని ఆక్రమించగా తానీషా గోల్కొండ కోటకు తరలిపోయాడు. 1686లో అక్కన్న మాదన్నలు హత్యకు గురయ్యారు. 1687లో కోట పతనమైంది.

3. లాక్ గీసిన హద్దు
ప్రజల ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి మొదలైన లౌకికప్రయోజనాల రక్షణ రాజ్యధర్మమనీ, ఆత్మోద్ధరణ దాని పరిధిలోనిది కాదనీ లాక్ ప్రతిపాదించాడు. బలప్రయోగం విశ్వాసాన్ని పుట్టించలేదన్నది ఇందుకు అతడు చూపిన హేతువు. ఇంటిలో దూడను వధించడం చట్టసమ్మతమైనప్పుడు దానినే ఆరాధనలో బలిగా అర్పించడమూ సమ్మతమే కావాలి. పశుసంపద తరిగిపోయినందువల్ల వధనే నిషేధించవలసివస్తే, అది మతంపై ఆంక్ష కాదు, లౌకికనిర్ణయం. ఈ ఉదాహరణ రామదాసు కథావిశ్లేషణకు ఉపకరిస్తుంది.

4. రామదాసు కథలో మూడు లెక్కలు
కథాసంప్రదాయం ప్రకారం కంచెర్ల గోపన్న పాల్వంచ పరగణా తహసీల్దారు. ప్రభుత్వానికి చెందవలసిన సొమ్మును భద్రాచల ఆలయనిర్మాణానికి వెచ్చించి గోల్కొండ చెరసాల పాలయ్యాడు. లాక్ దృష్టితో చూస్తే ఆలయనిర్మాణం నేరం కాదు. పన్నుసొమ్ము వినియోగమే విచారణార్హం. అందువల్ల గోపన్న చెరను మతపీడనగా వ్యాఖ్యానించడం కథలోని ప్రధానాంశాన్నే విస్మరించడమవుతుంది.

అయితే కథ ఈ లౌకికవివాదాన్ని లౌకికంగా పరిష్కరించదు. రామలక్ష్మణులు తానీషాకు కనిపించి ఆరులక్షల రొక్కం చెల్లించడంతో బాకీ తీరుతుంది. భక్తుని నిర్దోషిత్వానికి విచారణ కాక దర్శనం ప్రమాణమవుతుంది. సుల్తాను గౌరవభావం కూడా ఆ దర్శనఫలమే.

ఇక్కడ మూడు లెక్కలు గమనార్హం. రాజు భక్తుని లెక్క అడుగుతాడు. భక్తుడు కీర్తనల్లో ఆభరణాల ఖర్చును ఏకరువుపెట్టి దేవుణ్ణి నిలదీస్తాడు. దేవుడు రాజుకు చెల్లిస్తాడు. ఈ వలయంలో రాజును లెక్క అడిగేవారు లేరు. రామదాసు ధిక్కారస్వరం తెలుగు భక్తిసాహిత్యంలో విశిష్టమైనదే. కాని అది సింహాసనం వైపు కాక గర్భగుడి వైపు మళ్లింది. లాక్ మాత్రం ప్రభుత్వాన్ని ప్రజలు అప్పగించిన బాధ్యతగా నిర్వచించి, ఆ నమ్మకాన్ని వమ్ముచేసిన పాలకుని తొలగించే అధికారం ప్రజలకు ఉందన్నాడు.

5. పోలిక పరిమితులు
దీనినిబట్టి ఐరోపా వివేకవంతమనీ గోల్కొండ అమాయకమనీ తీర్మానించడం తగదు. లాక్ సహనానికీ మినహాయింపులున్నాయి. నాస్తికులను, పరాయి ప్రభువుకు విధేయత చూపే మతస్థులను అతడు దాని పరిధి నుండి తప్పించాడు. నాస్తికసమాజం సైతం నీతిబద్ధంగా ఉండగలదన్న పియెర్ బేల్ అతనికంటే ముందడుగు వేశాడు. మహమ్మదీయులకు, యూదులకు మతకారణంగా పౌరహక్కులు నిరాకరించరాదని లాక్ గ్రంథంలో వాదిస్తున్న కాలానికి, అన్యమతస్థుడు ప్రధానమంత్రిగా పాలించడం గోల్కొండలో జరిగిన వాస్తవం. ఆచరణలో గోల్కొండ ముందుంది. ఆ ఆచరణను కాపాడగల సూత్రం, సంస్థ అక్కడ ఏర్పడలేదు. సుల్తాను బలహీనపడగానే మంత్రికి రక్షణ కరవైంది.

6. ముగింపు
తానీషా ఔదార్యం చారిత్రకంగా విలువైనదే, కాని అది పాలకుని వ్యక్తిత్వంపై ఆధారపడింది. రామదాసు కథ ఆ ఔదార్యాన్ని దైవలీలగా మలచి చిరస్థాయి చేసింది. అదే సమయంలో దాని దుర్బలత్వాన్ని మరుగుపరచింది. శ్రీరామనవమికి ప్రభుత్వం నేటికీ పంపే ముత్యాల తలంబ్రాలను సామరస్యచిహ్నంగా కొనియాడే పరిశోధన, పాలకుడు మారినా చెక్కుచెదరని సహనానికి పునాది ఏమిటన్న ప్రశ్ననూ చేపట్టాలి. మాదన్న హత్య తెలుగు విమర్శ ముందుంచిన ప్రశ్న అదే.