నాటక సమాజపు బిడ్డ

నటుల యింట పుట్టిన బిడ్డకు నటన ఉగ్గుపాలతో అబ్బునని మనవారు అనుట కలదు. ఆ మాటలో సత్యము లేకపోలేదు. కాని ఆ ఉగ్గుపాలలో ప్రతిభ యెంత పాలు కలదో నిశ్చయించుట కష్టము, వేషము పెద్దదైనను చిన్నదైనను దానికి తన్ను తాను ఒప్పగించుకొను వినయము మాత్రము అధికభాగమని నాకు తోచుచుండును. ఈ యభిప్రాయము నాలో స్థిరపడుటకు కారణమైన నటి జెన్నిఫర్ కెండల్. ఆంగ్లదేశమున సౌత్‌పోర్టు పట్టణమున జన్మించి, తలిదండ్రుల నాటక సమాజము వెంట భారతదేశమున ఊరూర తిరిగి, తుదకు బొంబాయిలో కాపురముండిన ఈమె నటించిన చలనచిత్రములు వ్రేళ్లమీద లెక్కింపదగినవి. అయినను మన కాలపు ఉత్తమ నటీమణుల పేర్లు చెప్పుమని యెవరైన నన్నడిగినచో, ఈమె పేరు విడిచి నేను లెక్క ముగింపజాలను.

ఆమె తండ్రి జెఫ్రీ కెండల్ అసలు ఇంటిపేరు బ్రాగ్. ఆంగ్లదేశపు వాయవ్యభాగమున తాను పుట్టిన కెండల్ అను ఊరి పేరునే ఆయన రంగస్థలమునకు స్వీకరించెను. తల్లి లారా లిడెల్ కూడ నటియే. రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1944లో, సైనికుల వినోదార్థము నాటకములాడు దళముతో ఈ దేశమునకు వచ్చిన ఆ దంపతులు, యుద్ధానంతరము స్వదేశమున కుదురుకొనుటకు మనసొప్పక, 1947లో తమ సొంత సమాజముతో మరల వచ్చి, షేక్‌స్పియరానా అను పేర పాఠశాలలలోను, కళాశాలలలోను, సంస్థానాధీశుల మందిరములలోను షేక్‌స్పియర్ నాటకములను, బెర్నార్డ్ షా నాటకములను ప్రదర్శించుచు సంచరించిరి. బెంగాలీ రంగస్థలమున పిమ్మట మహానటుడైన ఉత్పల్ దత్ యౌవనమున ఈ సమాజములోనే పనిచేసెను.

కొలదిమంది నటులతో సాగవలసిన ఇటువంటి సమాజములలో, నేడు రాణివేషము కట్టినవారు రేపు దాసివేషము కట్టవలసినదే. ఒక్క నాటకములోనే ఇద్దరు ముగ్గురి పాత్రలు ధరింపవలసినదే. తెర దిగిన పిమ్మట దుస్తులు మడిచి పెట్టెలలో సర్దుకొని, మరునాటి రైలు అందుకొనవలసినదే. జెన్నిఫర్ చెల్లెలు ఫెలిసిటీ తొమ్మిది నెలల పసికందుగా నున్నప్పుడే ‘ఎ మిడ్ సమ్మర్ నైట్స్ డ్రీమ్’ నాటకమున చేతులమీద రంగస్థలమున కెక్కినదట! అక్కచెల్లెండ్ర కిరువురకును నాటకము వేరుగా నేర్చుకొనవలసిన విద్య కాలేదు. అది వారి యింటి పని. కడప మండలమున సురభి గ్రామమున 1885లో ‘కీచకవధ’తో మొదలై తరతరములుగా కుటుంబములే నాటకములై బ్రతికిన వనారస వారి సమాజమును ఎరిగిన తెలుగువారికి ఈ జీవనము నేను విడమరచి చెప్పనక్కరలేదు.

1958లో జెన్నిఫర్ శశికపూర్‌ను వివాహమాడెను. అతడును పృథ్వీరాజ్ కపూర్ కుమారుడు, తండ్రి నాటక సమాజమున పెరిగిన బిడ్డయే. పెండ్లికి ముందు కొంతకాలము మామగారి సమాజములో వేషములు కట్టినవాడు. దేశము స్వతంత్రమై, ఆంగ్లనాటకములకు ఆదరము సన్నగిల్లి, చలనచిత్రముల ధాటికి షేక్‌స్పియరానా క్రమముగా క్షీణించెను. ఆ క్షీణతయే 1965లో జేమ్స్ ఐవరీ దర్శకత్వమున ‘షేక్‌స్పియర్ వాలా’ అను చిత్రమునకు వస్తువయ్యెను. అందు జెఫ్రీ, లారా దంపతులు తమ జీవితమునకు అతిసమీపమైన పాత్రలు ధరించిరి. నాయిక ఫెలిసిటీ, నాయకుడు శశికపూర్. జెన్నిఫర్‌కు దక్కినది మిసెస్ బోవెన్ అను మిక్కిలి చిన్న వేషము. చెల్లెలు ఆ పిమ్మట లండను చేరి, 1975లో మొదలైన ‘ది గుడ్ లైఫ్’ అను బి.బి.సి. ధారావాహికతో ఇంటింట పరిచిత యయ్యెను. అక్క బొంబాయిలో గృహిణియై, ముగ్గురు బిడ్డల తల్లియై నిలిచిపోయెను. కొందరు దీనిని త్యాగమనియు, కొందరు నష్టమనియు అందురు. ఆమె మనస్సులో ఏమి యుండెనో చెప్పుటకు మన కధికారము లేదు. ప్రేక్షకుడనుగా నాకు మాత్రము ఇది నష్టమే. ఆమెను మనము చూడవలసినంత చూడలేకపోతిమి.

అడపాదడప లభించిన పాత్రలలో 1970 నాటి ‘బాంబే టాకీ’ని నేను పైపైననే దాటిపోవుదును. 1978 నాటి ‘జునూన్’ అట్లు దాటదగినది కాదు. మన హైదరాబాదు బిడ్డ శ్యామ్ బెనెగల్ 1857 విప్లవమును నేపథ్యముగా తీసిన ఈ చిత్రమున, తన కుమార్తెపై మనసుపడిన పఠాను ఇంట బందీగా చిక్కి, ఢిల్లీ తిరుగుబాటుదారుల వశమున నిలిచినయెడల పిల్లనిచ్చెదనని షరతు పెట్టి, ఆ షరతు చాటున కుమార్తె మానమును కాపాడుకొను మరియమ్ అను తల్లిగా ఆమె కనిపించును. ఎదుట పఠానుగా నిలిచినవాడు భర్తయే. ఆ తల్లి గొంతు పెంచదు, కన్నీరు కార్చదు. భయమును వెన్నెముకలో దాచుకొని నిటారుగా కూర్చుండును. ఆయుధము లేని స్త్రీ ఒక సాయుధుని ఎట్లు నిలువరింపగలదో ఆ కూర్చుండుటలోనే తెలియును.

ఇక 1981. అపర్ణాసేన్ మొట్టమొదట దర్శకత్వము వహించిన ‘36 చౌరంగీ లేన్’. నిర్మాత శశికపూర్. కలకత్తాలో ఒంటరిగా బ్రతుకుచు, బాలికల పాఠశాలలో షేక్‌స్పియర్ బోధించు వయొలెట్ స్టోన్‌హామ్ అను వృద్ధ ఆంగ్లో ఇండియన్ ఉపాధ్యాయిని కథ యిది. అప్పటికి జెన్నిఫర్‌కు ఏబదియేండ్లు నిండలేదు. వార్ధక్యమును అభినయించుటలో నటులు సామాన్యముగా చేయు పొరపాటు, వణకుచున్న చేతులను, వంగిన నడుమును, దగ్గును ప్రదర్శించుట. వృద్ధులైనవారు నిజమునకు తమ వార్ధక్యమును దాచుటకే యత్నింతురు గదా. జెన్నిఫర్ ఈ రహస్య మెరిగినది. ఆమె వయొలెట్ చకచక నడువవలెనని సంకల్పించును, దేహము ఒక్క అర అడుగు వెనుకబడును. సంకల్పమునకును దేహమునకును నడుమనున్న ఆ కొలది యెడములోనే వయస్సంతయు మనకు తెలియును. భరతుడు చెప్పిన చతుర్విధాభినయములలో ఆహార్యము, ఆంగికము, వాచికము శిక్షణచే సాధ్యములు. సాత్త్వికము మాత్రము అంతరంగము పాత్రయందు లీనమైన నాడుగాని సిద్ధింపదు. ఆమె పాత్రమై కూర్చున్నపుడు నేను ఈ నాలుగింటిని వేరు చేసి చూపజాలను.

పూర్వవిద్యార్థిని నందిత తన ప్రియునితో ఏకాంతము దొరకక, అతడు రచన సాగించుటకు చోటు కావలెనను నెపమున వయొలెట్ ఇంటిని వాడుకొనును. వయొలెట్ ఆ కల్ల నెరుగదు. తన యింట మనుష్యుల సవ్వడి విని మురియును. ఆ మురిపెమును జెన్నిఫర్ ఎంత పొదుపుగా చూపినదో! కనులలో తళుకు, మాటలో కొంచెము తొందర, తేనీటి కప్పు లందించుటలో అక్కరకు మించిన శ్రద్ధ. అంతకుమించి ఏమియు లేదు. వారి పెండ్లి అయిన పిమ్మట ఆమె అక్కర వారికి తీరును. క్రిస్మస్ నాడు ఊర లేమని కల్లలాడిన ఆ దంపతుల ఇంటికి, స్వయముగా చేసిన కేకు పుచ్చుకొని పోయి, కిటికీలోనుండి లోపలి విందును చూచి, ఆమె వెనుదిరుగును. ఇతర నటి యెవతె యైనను ఆ కిటికీ కడ ఒక్క బొట్టు కన్నీటికి ఆశపడి యుండును. జెన్నిఫర్ ఆశపడలేదు. రాత్రివేళ నిర్జన వీథిలో వెంటబడిన కుక్కయే శ్రోతగా, కింగ్ లియర్ వచనములు చెప్పుకొనుచు పోవును. జెన్నిఫర్ ఎన్నో ఏండ్లు ఊరూర తండ్రి నోట వినిన నాటకభాష అది; ఆ తండ్రియే ఈ చిత్రమున వృద్ధాశ్రమవాసియైన వయొలెట్ సోదరుడు ఎడ్డీగా నటించెను. సమాజమున తాను ధరించిన నాయికలను, చెలికత్తెలను, మోసిన పెట్టెలను, చదివిన సంభాషణలను అన్నిటిని ఆ ఒక్క వీథిలో ఆమె ఖర్చుపెట్టినదని నాకు తోచును.

ఈ చిత్రమునకు అపర్ణాసేన్ ఉత్తమ దర్శకురాలిగా జాతీయ పురస్కారము పొందెను. ఉత్తమ నటి పురస్కారము ఆ ఏడు ‘ఉమ్రావ్ జాన్’కు గాను రేఖకు లభించెను. బ్రిటనులో జెన్నిఫర్‌కు బాఫ్టా ఉత్తమ నటి ప్రతిపాదన వచ్చెను. గెలిచినది క్యాథరీన్ హెప్‌బర్న్. ఆ యోటమి అవమానము కాదు. కాని ఆ ప్రతిపాదన ప్రతిపాదనగానే మిగిలిపోవుట నాకు నేటికిని బాధాకరమే.

వేషములు దొరకని కాలమున ఆమె వేషములకు ఇల్లు కట్టెను. మామగారు పృథ్వీరాజ్ పేర 1978లో భర్తతో కలిసి బొంబాయి జుహూలో తెరచిన పృథ్వీ థియేటరు, సుమారు రెండువందల ఆసనములతో, మూడువైపుల ప్రేక్షకులు కూర్చుండగా నటుడు దాగుకొనుటకు చోటులేని చిన్న రంగస్థలము. నటుని ముఖమును అంత సమీపమున నిలిపినది నటుని కష్టము తా నెరిగియే యని నేను నమ్ముదును. భారీ తెరలు కట్టుటకు శక్తిలేని చిన్న బృందములకు ఆ వేదిక నేటికిని ఆశ్రయము.

1983లో ‘హీట్ అండ్ డస్ట్’, మరుసటి యేడు సత్యజిత్ రాయ్ ‘ఘరే బైరే’లో మిస్ గిల్బీ అను బోధకురాలి పాత్ర, అంతలోనే కాన్సరు వ్యాధితో 1984 సెప్టెంబరు 7న లండనులో ఆమె మరణించెను. నటన నేర్చుచున్న మన యువతీయువకులకు నాదొక విన్నపము: ‘36 చౌరంగీ లేన్’ను ఒకసారి కథకొరకు చూడుడు, రెండవసారి శబ్దము ఆపివేసి, ఆమె పాదములను మాత్రమే చూడుడు.