డాక్యుమెంటరీ వదిలేసిన సంవత్సరాలు

'సెర్చింగ్ ఫర్ షుగర్ మ్యాన్' (2012) చూసేటప్పుడు ఒక ప్రశ్న దగ్గర పెట్టుకోండి: దర్శకుడు ఏం చూపలేదు?

డెట్రాయిట్ రాక్ గాయకుడు రోడ్రిగెజ్ 1970, 1971లలో రెండు ఆల్బమ్‌లు చేశాడు. అమెరికాలో అవి అమ్ముడుపోలేదు. వర్ణవివక్ష నాటి దక్షిణాఫ్రికాలో మాత్రం తెల్లజాతి యువకులు వాటిని నెత్తిన పెట్టుకున్నారు. ఆయన వేదిక మీదే చనిపోయాడన్న పుకారునూ నమ్మారు. ఆయనేమో డెట్రాయిట్‌లో పాత ఇళ్లు కూల్చే పనికి పోతున్నాడు. 1998లో ఆయన కేప్‌టౌన్ వేదిక ఎక్కే ఘట్టం చూసి మీ కళ్లు చెమర్చకపోతే ఆశ్చర్యమే. మాలిక్ బెన్‌జెలూల్ కథనశక్తి అది. ఆస్కార్ ఊరికే రాలేదు.

అయితే 1979లోనూ, 1981లోనూ రోడ్రిగెజ్ ఆస్ట్రేలియాలో కచేరీలు చేశాడు. సినిమాలో ఆ ఊసే లేదు. ఉంటే 'లోకం మరచిన గాయకుడు' అన్న కథ నిలవదు మరి! నిడివి తగ్గించడానికి కోశారంటే నేను ఒప్పుకోను. ఆ దేశంలో ఆయన పాట విన్నవాళ్లను కథ కోసం తీసేశారు.

ఇదే ప్రశ్నను మన పాలమూరు వైపు తిప్పండి. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల ప్రాంతపు పన్నెండు మెట్ల కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్య మీద మీరే ఒక డాక్యుమెంటరీ తీస్తే ఎక్కడ మొదలుపెడతారు? 2021 నాటి 'భీమ్లా నాయక్' పాటతోనా, 2022 పద్మశ్రీతోనా? అలా అయితే, అంతకు ఎన్నో ఏళ్ల ముందే ఆయన నోట పండుగ సాయన్న కథ విన్న ఊళ్లు మీ చిత్రంలో ఆస్ట్రేలియా లాగే మాయమవుతాయి. మీది గట్టు అయినా, వనపర్తి అయినా, కిన్నెర విన్న పెద్దవాళ్ల ముందు మొదట కెమెరా పెట్టండి. పద్మశ్రీ ఫోటో తర్వాతైనా దొరుకుతుంది.